జీవకణపు వాకిట: యల్లాప్రగడ సుబ్బారావు

తిన్న అన్నం ఒంటబట్టడం లేదన్న మాటను మనం తేలికగా వాడుతుంటాము. కాని ఆ మాట అక్షరాలా నిజమై మనుషుల ప్రాణాలు తీసిన వ్యాధి ఒకటి ఉంది. వైద్యులు దానిని స్ప్రూ అన్నారు. ఆయుర్వేదం గ్రహణి అని పిలిచిన రోగాలకు అది దగ్గర చుట్టం. రోగి ఆకలితో భుజిస్తాడు, కడుపు నిండుతుంది, అయినా రోజురోజుకూ క్షీణించి, రక్తం పలుచబడి, అతిసారంతో నీరసించి పోతాడు. ఆహారం లోపలికి వెళ్ళింది, కాని కణంలోనికి చేరలేదు. ఈ వ్యాధి ఒకే ఇంటిలో ఇద్దరు అన్నదమ్ములను కొద్ది రోజుల ఎడంలో పొట్టన పెట్టుకొన్నది. మూడవవాడిని కూడా పట్టుకొని, విడిచిపెట్టింది. అలా బయటపడిన మూడవవాడే యల్లాప్రగడ సుబ్బారావు.

సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో జన్మించాడు. తండ్రి జగన్నాథం రెవెన్యూ శాఖలో చిన్న ఉద్యోగి. తల్లి వెంకమ్మ. ఏడుగురు సంతానంలో సుబ్బారావు నాలుగవవాడు. బాల్యంలో చదువుపై అతనికి శ్రద్ధ తక్కువ. పదమూడేళ్ళ వయస్సులో ఇల్లు విడిచి కాశీకి బయలుదేరాడు. యాత్రికులకు అరటిపండ్లు అమ్మి ధనవంతుడు కావాలన్నది అతని సంకల్పం. ఇంటివారు వెదకి వెనుకకు తీసుకువచ్చి రాజమహేంద్రవరంలో మళ్ళీ బడిలో కూర్చోబెట్టారు. 1913లో తండ్రి మరణించాడు. మెట్రిక్యులేషన్ పరీక్షలో సుబ్బారావు రెండుసార్లు తప్పి, మద్రాసులోని హిందూ హైస్కూలు నుండి మూడవసారి గట్టెక్కాడు. పరీక్ష తప్పిన పిల్లలను ఇంటా బయటా నిందించేవారు ఈ సంగతిని ఒకసారి గుర్తు చేసుకొంటే మంచిది.

మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో ఇంటర్మీడియట్ ముగిసిన తరువాత అతని మనస్సు సన్న్యాసం వైపు మరలింది. రామకృష్ణ మఠానికి వెళ్ళాడు. అక్కడి పెద్దలు వైద్యం చదివి జనులకు సేవ చేయమని సలహా ఇచ్చారు. ఆ విధంగా మద్రాసు వైద్య కళాశాలలో ప్రవేశించాడు. ఆ కాలంలోనే కస్తూరి సూర్యనారాయణమూర్తి కుమార్తె శేషగిరితో వివాహం జరిగింది. చదువుకు మామగారు అండగా నిలిచాడు.

అవి స్వాతంత్ర్యోద్యమపు రోజులు. గాంధీజీ పిలుపునందుకొని సుబ్బారావు ఖద్దరు ధరించి శస్త్రచికిత్సా తరగతికి వెళ్ళాడు. ఆంగ్లేయుడైన ఆచార్యుడు బ్రాడ్‌ఫీల్డుకు అది నచ్చలేదు. వ్రాతపరీక్షలలో బాగా వ్రాసినా సుబ్బారావుకు ఎం.బి.బి.ఎస్. పట్టా దక్కలేదు, దానికి తక్కువదైన ఎల్.ఎం.ఎస్. ధ్రువపత్రంతో తృప్తి చెందవలసి వచ్చింది. మద్రాసు ప్రభుత్వ వైద్యశాఖలో ఉద్యోగం లభించలేదు. చివరకు ఆచంట లక్ష్మీపతి నడుపుతున్న ఆయుర్వేద కళాశాలలో శరీర నిర్మాణ శాస్త్రం బోధించే పని దొరికింది.

ఇంతలో స్ప్రూ ఆ ఇంటి మీద పడింది. సోదరులు పురుషోత్తం, కృష్ణమూర్తి ఒకరి వెంట ఒకరు కన్నుమూశారు. సుబ్బారావు కూడా అదే వ్యాధితో మంచం పట్టాడు. పాశ్చాత్య వైద్యం చేతులెత్తేసిన సమయంలో లక్ష్మీపతి ఆయుర్వేద చికిత్సతో ఆయన కోలుకొన్నాడు. తాను చదివిన వైద్యం తన సోదరులను రక్షించలేకపోయింది. తాను చదవని వైద్యం తనను రక్షించింది, కాని ఎట్లు రక్షించిందో చెప్పగలవారు లేరు. ఈ రెండు సంగతులూ ఆయనను నిలువనీయలేదు.

ఆ వ్యాధి రహస్యం తెలియాలంటే ముందుగా జీవకణం గడపను గురించి కొంత తెలుసుకోవాలి. ప్రతి కణానికీ చుట్టూ ఒక పలుచని త్వచం ఉంటుంది. అది గోడ వంటిది కాదు, ఎవరిని రానివ్వాలో ఎవరిని ఆపాలో తెలిసిన వాకిలి వంటిది. పూజగదిలో వెలిగించిన అగరువత్తి పరిమళం వసారా దాకా ఎట్లు వ్యాపిస్తుందో, అట్లే పదార్థాల అణువులు గాఢత ఎక్కువగా ఉన్న చోటి నుండి తక్కువగా ఉన్న చోటికి వ్యాపిస్తాయి. ఇది విసరణ. ఊపిరితిత్తులలోని ప్రాణవాయువు రక్తంలోనికి చేరేది ఈ మార్గంలోనే. ఆవకాయకని మామిడి ముక్కలకు ఉప్పు పట్టించి ఉంచితే కొంతసేపటికి జాడీ అడుగున ఊట చేరుతుంది. ముక్కలోని నీరు త్వచాన్ని దాటి ఉప్పు ఎక్కువగా ఉన్న వైపుకు వచ్చింది. ఇది ద్రవాభిసరణ. ఎండుద్రాక్ష నీటిలో ఉబ్బడం దీనికే తిరుగుముఖం. ఈ రెండు క్రియలకూ కణం శక్తిని వ్యయం చేయనక్కరలేదు. పల్లానికి నీరు పారినట్లు అవి వాటంతట అవే సాగుతాయి.

విసరణ వల్ల కలిగే మేలుకు మన మిర్యాలగూడ ప్రాంతపు ఉప్పుడు బియ్యమే సాక్ష్యం. వడ్లను నానబెట్టి ఆవిరి పట్టి ఆరబెట్టినప్పుడు, తవుడులో ఉన్న బి విటమిన్‌లో కొంత భాగం నీటితో పాటు గింజ లోపలికి విసరణ చెందుతుంది. తరువాత మరలో తవుడు పోయినా ఆ విటమిన్ బియ్యంలో మిగులుతుంది. తెల్లగా పాలిష్ పట్టిన పచ్చిబియ్యమే ప్రధానాహారమైన చోట్ల బెరిబెరి వ్యాపించి, ఉప్పుడు బియ్యం తినేవారిలో అరుదుగా కనిపించడానికి కారణం ఇదే. కారణం కనుగొనడానికి శాస్త్రజ్ఞులకు దశాబ్దాలు పట్టింది.

అయితే పల్లానికి పారే నీటితోనే జీవితం సాగదు. మన కణాలలో పొటాషియం బయటికంటే సుమారు ముప్పై రెట్లు అధికం. సోడియం బయటనే అధికం. విసరణ ఒక్కటే పనిచేస్తే కొంతసేపటికి రెండు వైపులా సమానమై కణం నిర్జీవమవుతుంది. ఎదురెక్కించవలసిన సరుకును మోయడానికి కణానికి శక్తి కావాలి. చిన్నప్రేవులలో కూడా ఇంతే. మనం త్రాగిన నీరు, శరీరం స్రవించిన రసాలు కలిసి రోజుకు సుమారు తొమ్మిది లీటర్ల ద్రవం ప్రేవులలోనికి వస్తుంది. అందులో కొద్ది భాగం తప్ప అంతా తిరిగి రక్తంలోనికి చేరుతుంది. ప్రేవుల కణాలు శక్తిని వెచ్చించి ఏర్పరచిన వాలులో సోడియం, దానితో చేయి కలిపి గ్లూకోజు లోనికి వస్తాయి; వాటి వెంట నీరు ద్రవాభిసరణ వల్ల వస్తుంది. అతిసారం పట్టిన పిల్లలకు ఉప్పు, చక్కెర కలిపిన నీరు ప్రాణాధారమవుతున్నది ఈ సూత్రం వల్లనే. స్ప్రూ రోగిలో ప్రేవుల లోపలి వెంట్రుకల వంటి చూషకాలు మొద్దుబారిపోతాయి. వాకిళ్ళు తగ్గిపోతాయి. ఆహారసారం బయటనే నిలిచి, నీటిని కూడా తనతో పట్టి ఉంచుతుంది. అందుకే ఒకవైపు అతిసారం, మరొకవైపు పోషణలేమి.

ఇదంతా నేడు మనం పుస్తకంలో చదువుకొంటున్నాము. సుబ్బారావు మద్రాసు నుండి ఓడ ఎక్కిన నాడు ఇందులో చాలా భాగం ఎవరికీ తెలియదు.

కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మనిధి సహాయంతోను, మామగారి ధనంతోను ఆయన 1920ల తొలి సంవత్సరాలలో అమెరికాలోని బోస్టన్ చేరాడు. భార్యను పుట్టింట విడిచి వెళ్ళాడు. ఆయన వెళ్ళిన తరువాత పుట్టిన కుమారుడు పసితనంలోనే మరణించాడు. తండ్రి ఆ బిడ్డ ముఖం చూడనేలేదు. హార్వర్డు విశ్వవిద్యాలయంలో ఉష్ణమండల వైద్యంలో డిప్లొమా చదువుతూ, పొట్టకూటి కోసం ఒక ఆసుపత్రిలో రాత్రిపూట రోగుల మలమూత్ర పాత్రలు శుభ్రపరిచే పని చేశాడు. వైద్య పట్టా ఉన్నవాడు ఆ పనికి వెనుదీయలేదు.

హార్వర్డు జీవరసాయన శాఖలో సైరస్ ఫిస్కే అనే శాస్త్రజ్ఞుని వద్ద ఆయన పరిశోధన ఆరంభించాడు. రక్తంలోను మూత్రంలోను ఉన్న భాస్వరాన్ని కొలిచే సులభమైన పద్ధతిని ఇద్దరూ కలిసి 1925లో ప్రకటించారు. భాస్వరం ఎంత ఉంటే ద్రావణం అంత గాఢమైన నీలిరంగు పొందుతుంది. ఆ రంగును బట్టి లెక్క తెలుస్తుంది. ఫిస్కే–సుబ్బారావు పద్ధతి అన్న పేరుతో జీవరసాయన విద్యార్థులు నేటికీ దానిని నేర్చుకొంటున్నారు. చూపుకు ఇది చిన్న పనిముట్టు. కాని ఆ పనిముట్టే పెద్ద తలుపు తెరిచింది.

దానితో కండరాలను పరీక్షిస్తుండగా అంతవరకు ఎవరూ గుర్తించని భాస్వర సమ్మేళనం ఒకటి తగిలింది. అదే ఫాస్ఫోక్రియాటిన్. 1927లో దానిని ప్రకటించారు. కండరం పనిచేసినప్పుడు అది తరుగుతుంది, విశ్రాంతిలో మళ్ళీ చేరుతుంది. కండరపు శక్తికి లాక్టిక్ ఆమ్లమే మూలమన్న అప్పటి సిద్ధాంతానికి ఇది పెద్ద దెబ్బ. 1929లో మరొక సమ్మేళనాన్ని వేరుచేశారు. అదే ఎడినోసిన్ ట్రైఫాస్ఫేటు, క్లుప్తంగా ఏటీపీ. అదే సంవత్సరం జర్మనీలో కార్ల్ లోమన్ కూడా స్వతంత్రంగా దీనిని కనుగొన్నాడు. మన గ్రంథాలలో కొన్ని ఈ ఘనతను సుబ్బారావు ఒక్కరికే కట్టబెడతాయి. అది సరికాదు, ఆయన గొప్పదనానికి ఆ అతిశయోక్తి అవసరం కూడా లేదు.

ఏటీపీ సకల జీవకణాలలోను చెలామణి అయ్యే శక్తి నాణెం. మనిషి దేహంలో ఏ క్షణాన చూసినా అది స్వల్పమే. కాని తరగుతూ తయారవుతూ ఒక రోజులో దరిదాపు మనిషి బరువంత ఏటీపీ మారకమవుతుంది. పైన చెప్పుకొన్న ఎదురెక్కింపు పనికి ఇంధనం ఇదే. డెన్మార్కు శాస్త్రజ్ఞుడు యెన్స్ స్కౌ 1957లో కణత్వచంలో ఒక పంపును గుర్తించాడు. అది ఒక్కొక్క ఏటీపీ అణువును విడగొట్టి మూడు సోడియం అయాన్లను బయటికి నెట్టి, రెండు పొటాషియం అయాన్లను లోనికి తెస్తుంది. విశ్రాంతిగా ఉన్నప్పుడు దేహం వ్యయం చేసే శక్తిలో సుమారు ఐదోవంతు ఈ పంపుకే పోతుంది. స్కౌకు 1997లో నోబెల్ బహుమతి వచ్చింది. సుబ్బారావు ఆ పంపును ఎరుగడు. పంపును నడిపే ఇంధనాన్ని మాత్రం సుమారు ముప్పై ఏళ్ళకు ముందే చేతితో పట్టుకొన్నాడు.

1930లో ఆయనకు పిహెచ్.డి. పట్టా లభించింది. అయినా హార్వర్డులో తగిన పదోన్నతి రాలేదు. తోటి పరిశోధకుడు ఫిస్కే ధోరణి కూడా దీనికి తోడ్పడింది. సుబ్బారావు వేరుచేసిన కొన్ని పదార్థాల వివరాలు ఫిస్కే కారణంగా వెలుగు చూడలేదనీ, వాటిని ఇతరులు చాలాకాలం తరువాత మళ్ళీ కనుగొనవలసి వచ్చిందనీ అప్పట్లో ఆ శాఖలో విద్యార్థిగా ఉండి, 1988లో నోబెల్ బహుమతి పొందిన జార్జి హిచింగ్స్ తెలిపాడు. ఈ పది సంవత్సరాలలో ఆయన ఎక్కువగా కాలేయ సారాన్ని శోధించాడు. స్ప్రూలోను, ప్రాణాంతక రక్తహీనతలోను కాలేయ సారం పనిచేస్తున్నదని వైద్యులకు తెలుసు. అందులోని ఏ పదార్థం పనిచేస్తున్నదో తెలియదు. సోదరుల మరణం నాటి ప్రశ్న ఇక్కడ మళ్ళీ ఆయనకు ఎదురైంది.

1940లో హార్వర్డును విడిచి న్యూయార్కు రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌లో ఉన్న లెడర్లీ ప్రయోగశాలలో చేరాడు. కొద్దికాలానికే అక్కడి పరిశోధనలకు సంచాలకుడైనాడు. బొంబాయిలో గర్భిణుల రక్తహీనతను పరిశీలించిన లూసీ విల్స్ అనే ఆంగ్ల వైద్యురాలు, ఈస్టు సారంలో ఆ వ్యాధిని మాన్పే పదార్థమేదో ఉన్నదని 1931లోనే ప్రకటించింది. 1941లో అమెరికాలో మరొక బృందం పాలకూర నుండి ఒక పదార్థాన్ని తీసి, ఆకు నుండి లభించింది గనుక ఫోలిక్ ఆమ్లమని పేరు పెట్టింది. కాని మందుగా వాడదగినంత పరిమాణం ఎవరివద్దా లేదు. టన్నుల కొలది ఆకుకూర నుండి లభించేది చిటికెడే. సుబ్బారావు బృందం కాలేయం నుండి దానిని శుద్ధిచేసి, దాని నిర్మాణాన్ని ఛేదించి, 1945లో ప్రయోగశాలలో సంశ్లేషణ చేసింది. వెంటనే టామ్ స్పైస్ మొదలైన వైద్యులు దానిని స్ప్రూ రోగులకు ఇచ్చి చూశారు. మంచం పట్టినవారు కొద్ది దినాలలోనే ఆకలి పుట్టి లేచి కూర్చున్నారు. రక్తం తిరిగి చిక్కబడింది.

ఎందుకు? ప్రేవుల లోపలి పొర కణాలు నాలుగైదు రోజులకొకసారి రాలిపోయి కొత్తవి పుట్టవలసిందే. కొత్త కణం పుట్టాలంటే డి.ఎన్.ఏ. తయారు కావాలి. అందుకు ఫోలిక్ ఆమ్లం కావాలి. ఆ ఆమ్లం శరీరంలోనికి రావడానికి మళ్ళీ ఆ ప్రేవుల కణాలే వాకిలి. వాకిలి చెడితే ఆమ్లం రాదు. ఆమ్లం రానిదే వాకిలి బాగుపడదు. పురుషోత్తం, కృష్ణమూర్తులు ఈ విషవలయంలోనే చిక్కుకొని పోయారు. బయటి నుండి తగినంత ఫోలిక్ ఆమ్లం ఇస్తే ఆ వలయం తెగుతుంది.

ఒక విషయం ఇక్కడ దాచకూడదు. సుబ్బారావు అసలు వెదకినది ప్రాణాంతక రక్తహీనతకు మందు. ఫోలిక్ ఆమ్లం ఆ వ్యాధిలో రక్తాన్ని సరిచేసింది గాని నరాలకు కలిగే నష్టాన్ని ఆపలేదు. దానికి కావలసిన బి-12 విటమిన్‌ను 1948లో ఇతరులు వేరుచేశారు. ఒకదానికై త్రవ్వినవానికి మరొకటి దొరికింది.

ఫోలిక్ ఆమ్లం కణ విభజనకు అవసరమైతే, దానిని అడ్డుకొంటే కేన్సరు కణాల విభజన ఆగుతుంది కదా! బోస్టన్ వైద్యుడు సిడ్నీ ఫార్బర్ రక్త కేన్సరుతో ఉన్న పిల్లలకు మొదట ఫోలిక్ ఆమ్లానికి సంబంధించిన పదార్థాలనే ఇచ్చి, వ్యాధి మరింత వేగంగా పెరగడం గమనించాడు. అప్పుడు సుబ్బారావు బృందం ఆ ఆమ్లాన్ని పోలి ఉండి, దాని పనిని చెడగొట్టే పదార్థాలను తయారుచేసి పంపింది. వాటిలో ఎమినోప్టెరిన్‌ను ఫార్బర్ 16 మంది పిల్లలకు ఇవ్వగా 10 మందికి తాత్కాలికంగా గుణం కనిపించింది. 1948 జూన్‌లో ఆ ఫలితం వెలువడింది. మెథోట్రెక్సేటు ఆ కుటుంబానికే చెందినది. నేటికీ కేన్సరులోను, కీళ్ళవాతంలోను వాడుకలో ఉంది. ఈ మందు కణంలోనికి దూరే తీరు వింతైనది. అది తనంత తానుగా విసరణ చెందలేదు. ఫోలేటును లోపలికి మోసుకొనిపోయే వాహక ప్రోటీను దానిని కూడా తనవాడేనని భ్రమించి మోసుకొనిపోతుంది. కొన్ని కేన్సరు కణాలు ఆ వాహకాన్ని తగ్గించుకొని, అనగా వాకిలి మూసుకొని, మందుకు లొంగకుండా పోతాయి.

బోదకాలు వ్యాధికి వాడే డైఇథైల్ కార్బమజైన్ కూడా 1947లో ఆయన ప్రయోగశాల నుండే వచ్చింది. హెట్రజాన్ అన్నది దాని వ్యాపార నామం. 2004 నుండి భారతదేశంలో ఏడాదికొకసారి చేపట్టిన సామూహిక పంపిణీలో కోట్లమంది మ్రింగిన మాత్ర ఇదే. బెంజమిన్ డగ్గర్ అనే వృద్ధ వృక్షశాస్త్రజ్ఞునికి ఆయన ప్రయోగశాలలో చోటు దక్కింది. డగ్గర్ మట్టి నమూనాలలోని సూక్ష్మజీవుల నుండి ఆరియోమైసిన్ అనే బంగారు రంగు మందును తీశాడు. టెట్రాసైక్లిన్ కుటుంబంలో అదే మొదటిది. 1948లో అది లోకానికి వెల్లడైంది.

ఇన్ని మందులు వెలువడినా సుబ్బారావు పేరు జనులకు తెలియలేదు. పరిశోధన పత్రాలలో సహచరుల పేర్లనే ముందుంచేవాడు. సభలకు, పత్రికలవారికి దూరంగా ఉండేవాడు. అది వినయమే కావచ్చు. కాని దానివల్ల చరిత్రకారులకు కష్టమైంది, స్వదేశంలో ఆయనను గుర్తించడం ఆలస్యమైంది. అమెరికా పౌరసత్వానికి 1946 నుండి భారతీయులకు అవకాశం వచ్చినా ఆయన తీసుకోలేదు. స్వదేశానికీ తిరిగి రాలేదు. శేషగిరి ఎదురుచూస్తూనే ఉండిపోయింది. ఆయన జీవితంలో మన మనస్సుకు నొప్పి కలిగించే భాగం ఇదే; ఏ మందు పేరు చెప్పినా ఆ నొప్పి తీరేది కాదు.

1948 ఆగస్టులో, ఏబదిమూడేళ్ళ వయస్సులో, ఆయన నిద్రలోనే గుండెపోటుతో మరణించాడు. 1953లో ఒక కొత్త శిలీంధ్రానికి శాస్త్రజ్ఞులు సుబ్బారోమైసిస్ అని పేరు పెట్టారు. శతజయంతి సందర్భంగా 1995లో భారత ప్రభుత్వం తపాలా బిళ్ళ వెలువరించింది. సూర్యాపేట జిల్లా చివ్వెంలలో గాని, కోదాడలో గాని గర్భిణులకు ఇచ్చే ఇనుప మాత్రలో ఫోలిక్ ఆమ్లం కూడా కలిసి ఉంటుంది. మ్రింగేవారికి ఆయన పేరు తెలియకపోవచ్చు.

ఉష్ణమండల స్ప్రూ నేడు మునుపటివలె ప్రాణాంతకం కాదు. దానికి వైద్యులు వ్రాసే మందులు ప్రధానంగా రెండు. ఒకటి ఫోలిక్ ఆమ్లం. రెండవది, ఆరియోమైసిన్‌తో ఆరంభమైన కుటుంబానికి చెందిన టెట్రాసైక్లిన్. కొన్ని నెలలపాటు రెండింటినీ వాడితే మొద్దుబారిన చూషకాలు తిరిగి చిగురిస్తాయి, తిన్న అన్నం ఒంటబడుతుంది.